వదిలే ఊపిరికీ కాస్త చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

యోగా దినోత్సవం, జూన్ 21, దగ్గరపడితే పత్రికల నిండా యోగాసనాల బొమ్మలే. అందులో ముందు కనిపించేవి శీర్షాసనం, చక్రాసనం, మయూరాసనం. చూడడానికి బాగుంటాయి. కానీ పెరంబూరు నుంచి తాంబరం దాకా ఈ చెన్నైలో మేం యోగా నేర్పే తెలుగు ఇళ్లల్లో అడిగేది అవి కాదు. ‘పొద్దున్నే గంటసేపు చాప మీద కూర్చోవడం మా వల్ల కాదండీ. వంటా, ఆఫీసూ, పిల్లలూ, పెద్దవాళ్ల మందులూ. వీటి మధ్యే మనసు కాస్త కుదుటపడే దారేదైనా ఉంటే చెప్పండి’ అంటారు. ఆ దారి ఉంది: ఊపిరిని నిదానంగా వదలడం. ఖర్చు లేనిది, వయసుతో పని లేనిది. పత్రికల్లో దానికి చోటు దొరకడం లేదు కాబట్టే ఈ ఉత్తరం.

కంగారులో ఉన్న మనిషికి అందరూ చెప్పే మొదటి మాట ‘గట్టిగా ఊపిరి పీల్చుకో’ అని. తప్పు అక్కడే మొదలవుతుంది. కంగారుపడేవాళ్లు అప్పటికే ఛాతీ పైభాగంతో గబగబా, అవసరానికి మించి పీలుస్తుంటారు. దాని మీద ఇంకా లాగితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి, మెదడుకు వెళ్లే రక్తనాళాలు సన్నబడతాయి. కళ్లు తిరుగుతాయి, పెదవుల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి ఎక్కుతుంది. ‘నాకు ప్రాణాయామం పడలేదు’ అని మానేసేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే. పడనిది ప్రాణాయామం కాదు, లాగిన తీరు.

ఊపిరి పీల్చేటప్పుడు గుండె కొద్దిగా వేగం పెంచుతుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నిదానంగా నాలుగైదు శ్వాసలు తీస్తే చాలామందికి ఈ తేడా వేళ్లకే తెలుస్తుంది. వదలడం ఎంత నిదానమైతే మెదడు నుంచి గుండెకూ, పొట్టకూ వెళ్లే వేగస్ అనే నరం పట్టు అంత పెరిగి గుండె, పొట్ట, కండరాలు సద్దుమణుగుతాయి. మనసు తేటపడడానికి యోగసూత్రాలు రాసిన పతంజలి చెప్పిన ఉపాయాల్లో శ్వాసకు సంబంధించిన సూత్రం కూడా ఊపిరిని బయటికి వదలడం గురించీ, నిలపడం గురించీ మాట్లాడుతుంది. పీల్చడం ఊసే అందులో లేదు. నిలపడం మాత్రం గురువు పక్కన ఉంటేనే. ఇంట్లో ఒంటరిగా చేసేవాళ్లకు మేం దాన్ని చెప్పం.

ఇక అంకెలు. కుర్చీలో ముందుకు జరిగి కూర్చోవాలి. పాదాలు రెండూ పూర్తిగా నేలకు ఆనాలి. అందకపోతే కింద పీట వేసుకోవాలి. వయసు పైబడినవాళ్లు వెనక్కి ఆనుకున్నా తప్పు లేదు. నేల మీద కూర్చునేవాళ్లు తుంటి కింద దుప్పటి మడత పెట్టి, మోకాళ్లు తుంటికన్నా కిందికి వచ్చేలా ఎత్తు చూసుకోవాలి. ఇది చెయ్యకుండా పద్మాసనానికి పట్టుబడితే మోకాలి లోపల నొప్పి మొదలవుతుంది, నడుము గూని పడుతుంది, ఊపిరి సగంలో ఆగుతుంది. నోరు మూసి, ముందుగా లోపల ఉన్న గాలిని మెల్లగా వదిలెయ్యాలి. తర్వాత గోడ గడియారం సెకన్ల లెక్కన 3 అంకెలు పీల్చి, 4 అంకెలు వదలాలి. వారం రోజులు అంతే. అది హాయిగా సాగుతుంటే 4 పీల్చి, 6 వదలడానికి మారాలి. అప్పుడు ఒక శ్వాసకు 10 సెకన్లు, నిమిషానికి 6 శ్వాసలు. మామూలుగా పెద్దవాళ్లు ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 శ్వాసలు తీస్తారు. కాబట్టి సగమో, అంతకన్నా తక్కువో అయినట్టు. ఒక విడతకు 12 శ్వాసలు, అంటే 2 నిమిషాలు, చాలు.

ఎక్కువైందని తెలుసుకోవడం ఎలా? వదిలాక తర్వాతి శ్వాస ఎగపోసినట్టు వస్తే వదిలే అంకె ఒకటి తగ్గించాలి. పొట్టను బలవంతంగా లోపలికి నొక్కకూడదు. అరచెయ్యి బొడ్డు మీద ఉంచుకుంటే వదిలేటప్పుడు అది తనంతట తానే లోపలికి పోవడం తెలుస్తుంది, ఆ మాత్రం చాలు. భుజాలు పైకి లేస్తున్నాయంటే పీల్చడం ఎక్కువైందని గుర్తు. జలుబుతో ముక్కు దిబ్బడ వేస్తే పెదాలు సన్నగా ముడిచి, పొగలు కక్కే పాల మీద ఊదినట్టు మెత్తగా వదలొచ్చు. నోరు మూసి తుమ్మెదలా మ్మ్ అంటూ వదిలే భ్రామరి ఇంకా మంచిది. ఆ నాదం సాగాలంటే గాలిని పొదుపుగా వదలక తప్పదు. కాబట్టి అంకెలు లెక్కపెట్టలేని పిల్లలకూ, బాగా పెద్దవాళ్లకూ దాన్నే నేర్పుతాం.

ఒక పొరపాటును ఇక్కడే తప్పించాలి. వదలడం అంటే కపాలభాతి కాదు. అందులో పొట్టను కుదిపి గాలిని విసిరికొడతారు. అది మనిషిని లేపే క్రియ, నెమ్మదింపజేసేది కాదు. అధిక రక్తపోటు, గుండె జబ్బు, హెర్నియా, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు, ఈ మధ్య పొట్టకు ఆపరేషన్ అయినవాళ్లు కపాలభాతి, కొలిమితిత్తిలా గబగబా ఊపిరి ఆడించే భస్త్రిక చెయ్యకూడదు. గ్లాకోమా ఉన్నవాళ్లకు తలకిందుల ఆసనాలు కంటి ఒత్తిడిని పెంచుతాయి, వాళ్లు శీర్షాసనం జోలికే పోకూడదు. ఎముకలు పల్చబడినవాళ్లు నడుము గుండ్రంగా వంచి ముందుకు వంగితే వెన్నుపూస చితికే ప్రమాదం ఉంది. ఈ మాటలు బొమ్మ పక్కన అచ్చు కాకపోవడం మమ్మల్ని నిజంగా బాధపెడుతోంది.

మనిషిని చూసి యోగం చెప్పడం ఈ ఊరికి కొత్త కాదు. 1930లలో మైసూరు మహారాజు ఆదరణలో యువకులకు చురుకైన, కఠినమైన ఆసనాలు నేర్పిన తిరుమలై కృష్ణమాచార్యులు 1950లలో మద్రాసు వచ్చారు. 1989లో ఇక్కడే కన్నుమూశారు. మైసూరులో ఆయన దగ్గర నేర్చుకున్న బి.కె.ఎస్. అయ్యంగార్, పట్టాభి జోయిస్‌ల వల్ల ఆ కఠిన పద్ధతి లోకమంతా పాకింది. మద్రాసులో మాత్రం ఆయన వచ్చినవాళ్ల వయసు, జబ్బు, ఉద్యోగం చూసి ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా నేర్పారు. ఆయన కుమారుడు దేశికాచార్ 1976లో ఇక్కడ కృష్ణమాచార్య యోగ మందిరం స్థాపించి ఆ పద్ధతిని నిలబెట్టారు. వంగేటప్పుడు, మెలితిరిగేటప్పుడు ఊపిరి వదలాలి. లేచేటప్పుడు, ఛాతీ తెరుచుకునేటప్పుడు పీల్చాలి అనేది ఆ సంప్రదాయంలో చాలా ముఖ్యమైన సూత్రం. దీన్ని చాప మీద నుంచి ఇంటి పనుల్లోకి తెచ్చుకుంటే రోజుకు వంద అవకాశాలు.

చెన్నైలో చాలా ఇళ్లల్లో ఉన్న పని తీసుకోండి: 20 లీటర్ల నీళ్ల క్యాను. నీళ్ల బరువే 20 కిలోలు. గుమ్మం దగ్గర దించిన క్యానును నడుము వంచి, ఊపిరి బిగబట్టి ఒక్క ఊపున లేపి, అలాగే నడుము తిప్పి స్టాండు మీద బోర్లిస్తారు. ఇందులో తప్పులు మూడు. ఊపిరి బిగబట్టడంతో రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. మోకాళ్లు వంచకపోవడంతో బరువంతా నడుము కింది డిస్కుల మీద పడుతుంది. బరువు చేతిలో ఉండగా మెలితిరగడం వాటికి మరీ చేటు. సరైన తీరు ఇది. క్యానుకు అటొక కాలు, ఇటొక కాలు వేసి నిలబడాలి. తుంటిని వెనక్కి పంపుతూ మోకాళ్లు వంచాలి. క్యానును ఒంటికి దగ్గరగా పట్టుకోవాలి. కింద ఉండగా పీల్చి, లేపుతూ వదలాలి. తిరగాల్సి వస్తే నడుమును కాకుండా పాదాలను తిప్పాలి. నడుము నొప్పి, రక్తపోటు, హెర్నియా ఉన్నవాళ్లు ఇదీ చెయ్యకూడదు. క్యాను నేల మీదే ఉంచి పైన పంపు బిగించుకోవాలి. తెచ్చిన అబ్బాయినే ఎత్తిపెట్టమని అడగడంలో చిన్నతనం ఏమీ లేదు. లారీ నీళ్లు బిందెలతో మోసే వీధుల్లో కూడా ఇదే లెక్క, కాకపోతే ఒక పెద్ద బిందె బదులు రెండు చేతులకూ చిన్నవి రెండు.

ముగ్గు వేసేవాళ్లు నడుము దగ్గర కాకుండా తుంటి దగ్గర వంగాలి. వంగుతూ వదలాలి, గీత లాగుతున్నంతసేపూ ఊపిరి ఆడుతూనే ఉండాలి. చుక్కలు కలిపేటప్పుడు ఏకాగ్రతలో ఊపిరి బిగబట్టడం తెలియకుండా జరిగిపోతుంది. సూదిలో దారం ఎక్కించేటప్పుడూ, కంప్యూటర్ మీద టైపు చేసేటప్పుడూ అంతే.

వంటింట్లో అందరూ చేసే తప్పు ఒంటికాలి మీద బరువు వేసి, వంటగట్టుకు పొట్ట ఆనించి నిలబడడం. అరగంట అలా నిలబడితే ఒకవైపు తుంటి, నడుము పట్టేస్తాయి. ఒక అడుగు ఎత్తుకు మించని పీట కాలి దగ్గర పెట్టుకుని కాసేపు ఒక పాదం, కాసేపు ఇంకో పాదం దాని మీద ఉంచితే నడుముకు ఎంతో తేలిక. ఫిల్టర్‌లో డికాక్షన్ దిగడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. అందులో రెండు నిమిషాలు ఫోను ముట్టకుండా, కళ్లు తెరిచే, పాదాలు రెండింటి మీదా సమంగా బరువు వేసి, పైన చెప్పిన 12 శ్వాసలు తియ్యొచ్చు. అదే తాడాసనం. దానికి వేరే గది అక్కర్లేదు.

నిద్ర లేవగానే కుడివైపు తిరిగి, చేతి ఆసరాతో లేచి, మంచం అంచున పాదాలు నేలకు ఆనించి 6 శ్వాసలు. ఒక్క నిమిషం. రక్తపోటు మాత్రలు వాడే పెద్దవాళ్లకు ఈ నిమిషం తప్పనిసరి, ఎందుకంటే చటుక్కున నిలబడితే రక్తపోటు పడిపోయి తూలిపోవచ్చు.

ప్రయాణాల దగ్గర కాస్త విచక్షణ కావాలి. బీచ్ నుంచి తాంబరం వెళ్లే ఎలక్ట్రిక్ ట్రైనులో చోటు దొరికితే ఒక స్టేషన్ నుంచి తర్వాతి స్టేషన్ దాకా శ్వాసను లెక్కపెట్టొచ్చు. నిలబడితే మోకాళ్లు బిగించకుండా, పైపిడిని పట్టుకున్న చేతి భుజాన్ని చెవి నుంచి కిందికి దించుకుని చెయ్యాలి. బండి మీద సిగ్నల్ దగ్గర మాత్రం లోతైన శ్వాస వద్దే వద్దు, అక్కడ పీల్చేది పొగ. అక్కడ చెయ్యాల్సింది దవడ వదులు చెయ్యడం, నాలుకను పైపళ్ల నుంచి దించడం, హ్యాండిల్ మీద పట్టు సడలించడం. బండి, కారు నడిపేటప్పుడు కళ్లు మూసే ఏ అభ్యాసమూ కూడదు. శీతలి, అంటే నాలుకను గొట్టంలా చుట్టి గాలి పీల్చడం, ఎండాకాలంలో బాగుంటుందని రోడ్డు పక్కన చేసేవాళ్లున్నారు. ముక్కులాగా నోరు దుమ్మును వడగట్టదు. దాన్ని ఇంట్లోనే చెయ్యాలి.

పొద్దున పార్కులో నడిచేవాళ్లు 3 అడుగులకు పీల్చి 4 లేదా 5 అడుగులకు వదిలితే నడకే ప్రాణాయామం అవుతుంది. మైలాపూరు లజ్ దగ్గర ఆంధ్రపత్రిక స్థాపకులు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరుతో ఉన్న పార్కులో నడిచే తెలుగువాళ్లకు మేం ఇదే చెబుతుంటాం. మొత్తం నడకంతా అక్కర్లేదు, ఒక్క చుట్టు చాలు.

ఒంటి గురించి ఇంత చెప్పాక మనుషుల మధ్య ఉండే తీరు గురించి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. మనశ్శాంతి పోయేది ఎక్కువగా అక్కడే. పతంజలి ఆసనం గురించి రాసినవి మూడే సూత్రాలు. కానీ తోటివాళ్లతో ఎలా ఉంటే చిత్తం తేటగా ఉంటుందో నాలుగు మాటల్లో విడమరిచారు: సుఖంగా ఉన్నవాళ్ల పట్ల మైత్రి, బాధలో ఉన్నవాళ్ల పట్ల కరుణ, మంచి చేసేవాళ్లను చూసి ముదిత, అంటే సంతోషం, చెడ్డ పని చేసేవాళ్ల పట్ల ఉపేక్ష. అపార్టుమెంటు జీవితానికి ఇంతకన్నా పనికొచ్చే సూత్రం మాకు కనిపించలేదు. ఎదురింటివాళ్లు కొత్త కారు కొంటే లోపల ఏదో కలుక్కుమంటుంది. అది మైత్రికి సమయం, వెళ్లి ఒక మంచి మాట అనాలి. కింద ఇంట్లో జబ్బుతో ఉన్నవాళ్లుంటే మిక్సీ ఆ వేళకు తిప్పకపోవడం కరుణ. సంపు నిండాక మోటారు ఆపే బాధ్యత ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు, వాళ్ల పేరు మీటింగులో చెప్పడం ముదిత.

ఉపేక్ష దగ్గరే తికమక. దాన్ని పట్టించుకోకపోవడం అనుకుని చాలామంది అన్యాయాన్ని మింగేస్తారు, అది లోపల ఉడుకుతుంది. మన పార్కింగులో ఎవరో బండి పెట్టారు. అసోసియేషన్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి, ఫొటో జత చెయ్యాలి, అవసరమైతే మళ్లీ గుర్తుచెయ్యాలి. అంతవరకూ కర్తవ్యం. ఆ మనిషిని రాత్రి భోజనానికి మనసులో కూర్చోబెట్టుకోకపోవడం ఉపేక్ష. చేతిలో పట్టుకునే ఉపాయం ఒకటి: వాట్సాప్ గ్రూపులో కోపంగా జవాబు టైపు చేశాక పంపకుండా ఫోను బోర్లా పెట్టి, 6 శ్వాసలు నిదానంగా వదిలి, మళ్లీ చదవాలి. విషయం ఉంచి, మనిషిని గుచ్చే మాటలు తీసేసి పంపాలి.

భోజనం దగ్గర నియమాలు చాలానే చెబుతారు. అన్నీ పాటించలేకపోతే ఒక్కటి: మొదటి మూడు ముద్దలు ఫోను, టీవీ లేకుండా, రుచి తెలిసేలా తినడం. యోగాసనాలకు ముందు భోజనమైతే 3, 4 గంటలు, టిఫినైతే 2 గంటలు వ్యవధి ఉండాలి. తిన్న వెంటనే చేసుకోదగ్గది వజ్రాసనం, అదీ మోకాళ్లు బాగున్నవాళ్లకు, 5 నిమిషాలు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు పరగడుపున ఎక్కువసేపు ఆసనాలు వేస్తే చక్కెర పడిపోవచ్చు, ముందు డాక్టరును అడగాలి.

రాత్రి పడుకునే ముందు నేల మీద జంపఖానా పరిచి వెల్లకిలా పడుకుని, పిక్కలు కుర్చీ మీద పెట్టి, మోకాళ్లు లంబకోణంలో ఉండేలా 5 నుంచి 10 నిమిషాలు ఉంటే రోజంతా కూర్చున్న నడుము సర్దుకుంటుంది. అక్కడ 4 పీల్చి 8 దాకా వదలొచ్చు, ఇబ్బంది లేకపోతేనే. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చే గుండె రోగులకూ, నెలలు నిండుతున్న గర్భిణులకూ ఇది పనికిరాదు.

వాతావరణం సంగతి కూడా. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇక్కడి ఉక్కలో మిద్దె మీద చెయ్యాలంటే పొద్దు పొడవకముందే. చెమటతో రబ్బరు మ్యాట్ జారుతుంది, దాని మీద నూలు దుప్పటి వేసుకోవాలి. ధనుర్మాసం చివర భోగి తెల్లవారుజామున పాత సామాన్లు కాల్చిన పొగ ఊరంతా కమ్ముతుంది. ఆ రోజూ, దీపావళి మర్నాడూ తలుపులేసుకుని లోపలే చేసుకోవాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త.

శ్వాస మీద దృష్టి పెడితే గుండెదడ పెరిగేవాళ్లు కొందరుంటారు. వాళ్లు కళ్లు తెరిచి, పాదాల కింద నేల తగలడం మీదో, ఫ్యాను చప్పుడు మీదో దృష్టి నిలపాలి. బలవంతం వద్దు. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, దిగులు వీడకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అది డాక్టరు చూడాల్సిన విషయం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. యోగా మొదలుపెట్టామని రక్తపోటు, చక్కెర, మానసిక వైద్యం మాత్రలు సొంతంగా ఆపెయ్యకూడదు.

కాబట్టి సంపాదకులకు మా విన్నపం. మీరు వేసే ప్రతి ఆసనం బొమ్మ కిందా ఐదు వరుసలు చేర్చండి: ఎప్పుడు పీల్చాలి, ఎప్పుడు వదలాలి, ఎన్ని శ్వాసలు ఉండాలి, ఎలా బయటికి రావాలి, ఎవరు చెయ్యకూడదు. ఏడాదికి ఒక్క జూన్‌లో ఒక పేజీ కాకుండా వారానికి ఒక చిన్న పెట్టె చాలు. ఒక వారం వంటిల్లు, ఒక వారం బస్సు, ఒక వారం మంచాన ఉన్నవాళ్లను చూసుకునేవాళ్ల నడుము. అక్షరాలు మాత్రం పెద్దవిగా వెయ్యండి. కత్తిరించి వంటింటి గోడకు అంటించుకునేది ఎక్కువగా అరవై దాటినవాళ్లే.

ఇట్లు,
చెన్నైలో యోగా నేర్పే కొందరు తెలుగు ఉపాధ్యాయులు,
మైలాపూరు